పాత జట్లు, కొత్త కథనాలు: సూపర్‌హీరో కామిక్స్‌పై పాఠకుల ప్రశ్నలు

తొలితరం సూపర్‌హీరో జట్ల కథలను తర్వాతి రచయితలు తిరిగి చెబుతున్న తీరును పరిచయం చేస్తూ గత సంచికలో ఒక చిన్న వ్యాసం రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, ఆరు ప్రశ్నలుగా కుదించి, ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా మనవడు ఇచ్చిన సంపుటిలో ఫెంటాస్టిక్ ఫోర్ తొలి సంచికలు చదివాను. నలుగురు మనుషులు రాకెట్ ఎక్కుతారు, కాస్మిక్ కిరణాలు సోకి శక్తులతో తిరిగి వస్తారు. అంతా కొద్ది పేజీల్లోనే అయిపోతుంది. ఇంత అమాయకమైన కథలను అరవై ఏళ్లుగా మళ్లీ మళ్లీ చెప్పడం దేనికి? పాతవాటిని పాతవాటిగానే వదిలేయకూడదా?
— విశ్రాంత ఉపాధ్యాయులు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, అమాయకత్వం సంగతి మీరన్నది నిజమే. అయితే అందుకు కారణం రాసినవారి చేతగానితనం కాదు. అవి ఏ అవసరం కోసం పుట్టాయో చూస్తే విషయం తేటపడుతుంది. సూపర్‌హీరోల తొలి జట్టుగా అందరూ ఒప్పుకునే జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా 1940 చివర్లో, ఆల్ స్టార్ కామిక్స్ మూడో సంచికలో వచ్చింది. షెల్డన్ మేయర్ సంపాదకుడు, గార్డ్‌నర్ ఫాక్స్ రచయిత. ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్, హాక్‌మన్, డాక్టర్ ఫేట్, శాండ్‌మన్, స్పెక్టర్, అవర్‌మన్, ఆటమ్ అనే ఎనిమిది మంది ఒక బల్ల చుట్టూ భోజనానికి కూర్చుంటారు. పిలవని పేరంటంగా జానీ థండర్ ఊడిపడతాడు. ఆపైన ఒక్కొక్కరూ తమ సాహసాన్ని వంతులవారీగా చెప్పుకుంటారు, ఆ ముక్కలను ఆయా హీరోలను మామూలుగా వేసే చిత్రకారులే వేశారు. అందరూ కలిసి ఆ సంచికలో ఒక్క దొంగనైనా పట్టరు. అంతేకాదు, సొంత పేరుతో పత్రిక దక్కిన హీరో గౌరవ సభ్యుడిగా మిగిలి, తన కుర్చీని ఇంకొకరికి ఖాళీ చేయాలన్న నియమం కూడా ఉండేది. ఫ్లాష్, ఆ వెనక గ్రీన్ లాంటర్న్ అలాగే లేచి వెళ్లారు. వీళ్లెందుకు కలిశారన్న ప్రశ్నకు జవాబు కథలో ఎక్కడా ఉండదు, ప్రచురణకర్త జమాఖర్చుల పుస్తకంలో ఉంటుంది. తర్వాతివాళ్లు పూరిస్తూ వస్తున్న ఖాళీ ఇదే.

1960లో జస్టిస్ లీగ్ అనే కొత్త జట్టు వచ్చినప్పుడు కూడా అదే ఫాక్స్ అదే అచ్చు వాడారు. రాక్షస నక్షత్రచేప స్టారో భూమి మీద పడితే, సభ్యులు సమావేశమై, విడివిడిగా తలో దిక్కుకూ పోయి, చివర మళ్లీ కలుస్తారు. మీరు చదివిన ఫెంటాస్టిక్ ఫోర్ ఈ అచ్చును పగలగొట్టింది. 1961 ఆగస్టులో అమ్మకానికి వచ్చిన ఆ సంచికలో స్టాన్ లీ, జాక్ కర్బీ నలుగురినీ ఒకే గదిలో పెట్టి తగవు పెట్టారు. ఆ రాకెట్ పేజీలను మళ్లీ ఒకసారి చూడండి. కిరణాల నుంచి తగిన రక్షణ లేదని పైలట్ బెన్ ముందే హెచ్చరిస్తాడు. కమ్యూనిస్టులు మనకంటే ముందు చేరిపోతారని వాదించి, పిరికివాడివా అని పొడిచి అతణ్ని ఎక్కించేది జట్టులోని యువతి సూ. గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లివచ్చి అప్పటికి నాలుగు నెలలు. అనుమతి లేకుండా, కాపలావాడి కళ్లు కప్పి వాళ్లు రాకెట్‌ను లేపుకుపోయారు, ఫలితంగా బెన్ రాతిమనిషి అయ్యాడు. తొందరపెట్టిన జట్టు నాయకుడు రీడ్ ఆ అపరాధాన్ని ఎలా మోశాడన్నది తర్వాతి రచయితలకు తరగని పెన్నిధి అయింది. 2021లో మార్క్ రస్సెల్ రాసిన లైఫ్ స్టోరీ అనే ఆరు సంచికల కథ ఈ కుటుంబాన్ని 1960ల నుంచి దశాబ్దానికొక సంచిక చొప్పున నిజంగానే ముసలివాళ్లను చేస్తూ నడిపింది. పాత కథలో ఆ బరువుకు చోటు లేకపోతే ఈ కొత్త కథ నిలబడేది కాదు.

‘మరల నిదేల రామాయణంబు’ అని అడిగేవారికి విశ్వనాథ తన కల్పవృక్షం ఆరంభంలోనే జవాబిచ్చుకున్న భాష మనది కనుక, తిరిగి చెప్పడం మీకు కొత్త సంగతి కాదు. ఒక్క తేడా మాత్రం మరవకూడదు. రాముడికి యజమాని లేడు. రీడ్ రిచర్డ్స్‌కు ఉన్నాడు. ఆ కథ మళ్లీ మళ్లీ రావడంలో కవి ఆర్తి ఎంత ఉందో, కంపెనీ వ్యాపారం కూడా అంత ఉంది.

ప్రశ్న: తొలి సంచికల్లో ఫెంటాస్టిక్ ఫోర్‌లోని సూ, ఎక్స్‌మెన్‌లోని జీన్, అవెంజర్స్‌లోని వాస్ప్ వంటి ఆడవాళ్లు దాక్కోవడం, సొమ్మసిల్లడం, జట్టులో మగవాళ్లను చూసి మురిసిపోవడం తప్ప చేసేది తక్కువ. కొత్త రచయితలు దీన్ని సరిచేస్తే ఆనాటి నిజాన్ని కప్పిపుచ్చినట్టు కాదా? సరిచేయకపోతే ఈనాడు చదివేదెట్లా?
— స్నాతకోత్తర విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: మీ ఫిర్యాదు 1963 నాటికే అమెరికా పాఠకులు చేసినదే. ఫెంటాస్టిక్ ఫోర్ పదకొండో సంచికలో ఆ విషయాన్ని ఏకంగా కథలోకే తెచ్చారు. సూ వల్ల జట్టుకు ప్రయోజనం లేదని ఉత్తరాలు వస్తున్నాయని చదివి, రీడ్, బెన్ ఆమె పక్షాన నిలబడతారు. వాళ్లకు తోచిన సమర్థన ఏమిటంటే, అబ్రహాం లింకన్ తన విజయాలకు తల్లిని స్మరించుకున్నాడు కదా అని! రాకాసులతో పోరాడే యువతిని వెనకేసుకురావడానికి ఒక మహాపురుషుడి తల్లి తప్ప వేరే ఉదాహరణ దొరకలేదు. ఆ కాలాన్ని గురించి ఇంతకంటే సూటిగా చెప్పే పేజీ నాకు తెలియదు కనుక దాన్ని ఎవరూ చెరపకూడదనే నా అభిప్రాయం. అయితే ఆ కథ రాసి, గీసిన లీ, కర్బీల జంటే మరుసటి ఏడు ఇరవై రెండో సంచికలో సూకు కంటికి కనబడని రక్షణకవచాలు సృష్టించే శక్తిని కూడా ఇచ్చి, దాక్కునే పాత్రను కాచే పాత్రగా మార్చింది. పాత కథలను మొదట తిరగరాసింది వాటిని రాసినవాళ్లేనన్నమాట. 1985లో జాన్ బర్న్ చేతిలో ఆమె ఇన్విజిబుల్ గర్ల్ అన్న పేరును తానే వదిలేసి ఇన్విజిబుల్ ఉమన్ అయింది. అప్పటికి ఆమె పెళ్లయి, తల్లి కూడా అయిన మనిషి.

అన్ని మరకలూ ఇలా మెల్లగా పోవు. ఎక్స్‌మెన్ మూడో సంచికలో ఒక గడి ఉంది. పాఠశాల నడిపే ప్రొఫెసర్ జేవియర్, తన శిష్యురాలైన జీన్ మీద తనకు ప్రేమ ఉందని, తాను నాయకుణ్ని, చక్రాల కుర్చీకి పరిమితమైనవాణ్ని కనుక ఆ మాట ఎన్నటికీ చెప్పలేనని లోలోపల అనుకుంటాడు. ఆమె ఇంకా టీనేజీ దాటని పిల్ల. ఇబ్బంది పడాల్సింది దేనికో ఆనాటి రచయితకు తోచలేదు. తర్వాత చాలామంది దాన్ని చూడనట్టు దాటేశారు. 1996లో మాత్రం ప్రొఫెసర్ మనసులోని చీకటి ఆన్‌స్లాట్ అనే ప్రతినాయకుడిగా రూపుకట్టి, ఆ పాత తలపును జీన్ ఎదుట పెడుతుంది. పాత తప్పును పాత్ర తప్పుగా ఒప్పించడం అంటే ఇది.

ఈ పద్ధతి మితంగా వాడితేనే పనిచేస్తుంది. 1960ల కథల్లో దుండగుల జ్ఞాపకాలను చెరిపి పంపేయడం రచయితలకు సులువైన ముగింపు. ఎక్స్‌మెన్ రెండో సంచికలో వానిషర్‌కు జరిగింది అదే. 2004లో వచ్చిన ఐడెంటిటీ క్రైసిస్ ఆ సౌలభ్యాన్ని జస్టిస్ లీగ్ దాచిన నేరంగా మలిచింది. ఆలోచన పదునైనదే. కాని అక్కడికి చేరడానికి ఒక సభ్యుడి భార్య మీద జరిగిన అత్యాచారాన్ని, ఆమె హత్యను మీటలుగా వాడుకుంది. ఆడమనిషిని మూలన కూర్చోబెట్టిన 1960ల కథ కంటే ఇది ఏ విధంగా ముందడుగో నాకు అర్థం కాలేదు.

ప్రశ్న: జస్టిస్ సొసైటీ 1951లో అమెరికా కాంగ్రెస్ విచారణ సంఘం వల్ల రద్దయిందని ఎక్కడో చదివాను. ఆ కాలపు కామిక్స్‌లో అలాంటి కథ నాకు కనబడలేదు. ఇలా లేని రాజకీయాన్ని పాత కథలకు అతికించడం చరిత్రను వక్రీకరించడం కాదా?
— చరిత్ర అధ్యాపకులు, వరంగల్

జవాబు: మీకు కనబడకపోవడం సహజం, ఎందుకంటే అది 1951 నాటి కథ కాదు. అప్పుడు జరిగింది చాలా చప్పటి విషయం. సూపర్‌హీరోల గిరాకీ పడిపోయింది, ఆల్ స్టార్ కామిక్స్ యాభై ఏడో సంచిక తర్వాత పేరు మార్చుకుని, ఆల్ స్టార్ వెస్టర్న్‌గా గుర్రాల మీది వీరుల కథలు వేయడం మొదలుపెట్టింది. జస్టిస్ సొసైటీ వీడ్కోలు కూడా లేకుండా మాయమైంది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, 1979లో, పాల్ లెవిట్జ్ రాయగా జో స్టాటన్ బొమ్మలు వేసిన అడ్వెంచర్ కామిక్స్ 466వ సంచిక ఆ మాయం కావడానికి ఒక కారణం కల్పించింది. కాంగ్రెస్ సంఘం వీరులను పిలిపించి, శత్రు గూఢచారితో సంబంధం ఉందన్న అనుమానం తీరాలంటే ముసుగులు తీసి ఎవరో చెప్పమంటుంది. యుద్ధకాలంలో దేశం కోసం పోరాడినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ముసుగు తీయరు. సభలోంచి అదృశ్యమై, ఆ పని నుంచే విరమించుకుంటారు.

చరిత్రకారుడిగా మీరు దీన్ని కల్పన కిందే జమకట్టాలి, సందేహం లేదు. కాని ఇది గాలిలోంచి ఊడిపడ్డ కల్పన కాదు. హాలీవుడ్ రచయితలను, నటులను విచారించి పేర్లు చెప్పమన్న సంఘం నిజంగా ఉంది. 1954లో బాలనేరాలపై సెనేట్ ఉపసంఘం కామిక్స్ ప్రచురణకర్తలనే పిలిచి ప్రశ్నించింది, ఆ ఏడాదే పరిశ్రమ తనకు తాను కామిక్స్ కోడ్ అనే కట్టుబాటు విధించుకుంది. 1960 నాటి జస్టిస్ లీగ్ అంత శుభ్రంగా, అంత నిరపాయంగా ఉండడానికి ఆ కోడ్ ఒక కారణం. అంటే లెవిట్జ్ కథ వీరుల మీద పెట్టిన నిర్బంధం, వీరులను రాసినవాళ్లు మరో రూపంలో అనుభవించినదే. తమ కాలంలో పత్రిక చెప్పలేనిదాన్ని పత్రికలోని పాత్రల చేత తర్వాత చెప్పించారు. దీన్ని వక్రీకరణ అనడానికి నాకు మనసు రాదు.

ఈ దారిలో వచ్చిన ఉత్తమ రచన నా దృష్టిలో డార్విన్ కుక్ 2004లో ఆరు సంచికలుగా రాసి, బొమ్మలు వేసిన ది న్యూ ఫ్రాంటియర్. రెండో ప్రపంచయుద్ధం చివరి నుంచి 1960 వరకు, అంటే జస్టిస్ సొసైటీ అంతరించి జస్టిస్ లీగ్ పుట్టే దాకా ఉన్న మధ్యకాలాన్ని ఆయన ఎంచుకున్నారు. బొమ్మలు 1950ల వాణిజ్య ప్రకటనల్లా నున్నగా, వెలుగుగా ఉంటాయి. ఆ వెలుగులోనే అవర్‌మన్ పోలీసులకు చిక్కకుండా పారిపోతూ మేడ మీంచి పడిపోతాడు. ఇండోచైనాలో తమను చెరపట్టినవారిని చంపిన స్త్రీల మధ్య నిలబడి వండర్ ఉమన్ సూపర్‌మన్‌తో వాదానికి దిగుతుంది. జాన్ హెన్రీ అన్న జానపద వీరుడి పేరు పెట్టుకుని, నల్లవారిపై దాడులు చేసే కు క్లక్స్ క్లాన్ ముఠా మీద సుత్తులెత్తిన నల్లజాతి మనిషి గాయపడి దాక్కుంటే, ఒక చిన్న తెల్లపిల్ల అతణ్ని చూసి, ఇక్కడున్నాడు అని కేకవేసి పట్టిస్తుంది. ఆ వీరుడు పాత కామిక్స్‌లో లేడు. 1950లలో వేయగలిగి ఉండాల్సిన, వేయని పాత్రను కుక్ కొత్తగా చేర్చి, అతణ్ని బతకనివ్వకుండా ఆ లోటును గుర్తుచేశారు. కథ చివర కెన్నెడీ 1960 నాటి న్యూ ఫ్రాంటియర్ ప్రసంగంతో లీగ్ కలుస్తుంది. వాళ్లెందుకు కలిశారన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరుకుతుంది: భయపడి విడిపోయిన దేశంలో బయటికి రావడానికి ఒకరికొకరు కావలసి వచ్చారు.

అతుకు అతుకులాగే మిగిలిన సందర్భాలూ ఉన్నాయి. ఇంతమంది శక్తిమంతులుండగా హిట్లర్‌ను ఒక్క రోజులో ఎందుకు ముగించలేదన్న సందేహానికి, రాయ్ థామస్ 1981లో మొదలుపెట్టిన ఆల్ స్టార్ స్క్వాడ్రన్ అనే పత్రిక ఒక మంత్రపు ఈటెను, దాని ప్రభావంతో శత్రుభూమిని కాచే మాయను చూపుతుంది. యుక్తి బాగానే ఉంది. కాని పాఠకుడు మరిచిపోవడానికి సిద్ధంగా ఉన్న సందేహాన్ని పనిగట్టుకుని తట్టిలేపినట్టయింది.

ప్రశ్న: అవెంజర్స్ సినిమాలన్నీ తెలుగులో చూశాను. వాటికి మూలమైన కామిక్ కొనాలంటే 1963 నాటిదా, 2002 నాటి ది అల్టిమేట్స్‌దా?
— బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

జవాబు: సినిమాల రూపం ఎక్కువగా రెండోదాని నుంచి వచ్చింది. మార్క్ మిల్లర్ రచన, బ్రయన్ హిచ్ చిత్రణ. గడులు వెండితెరలా అడ్డంగా సాగుతాయి. జట్టును నడిపే నిక్ ఫ్యూరీకి నటుడు శామ్యూల్ ఎల్. జాక్సన్ మొహం పెట్టింది ఆ కామిక్సే. మన మీద సినిమా తీస్తే ఎవరు నటిస్తారని పాత్రలు సరదాగా మాట్లాడుకుంటే ఫ్యూరీ ఆ నటుడి పేరే చెబుతాడు, 2008లో ఆ మాట తెర మీద నిజమైంది. జట్టు ఎందుకు కలిసిందన్నదానికి ఈ కథ ఇచ్చిన సమాధానం సూటిగా ఉంటుంది: ప్రభుత్వం జీతమిచ్చి నియమించింది.

అయినా డబ్బు పెట్టి కొనమంటే నేను మొదటిదే కొనమంటాను. 2001 సెప్టెంబరు దాడుల తర్వాతి అమెరికా కోపం, బింకం, పరిహాసం ది అల్టిమేట్స్ నిండా ఉన్నాయి, ఆ రోజుల్లో అదే దాని ఆధునికత. ఇప్పుడు చదివితే కెప్టెన్ అమెరికా చేత ఫ్రాన్స్‌ను ఎగతాళి చేయించిన మాట దగ్గర నాకు విసుగు పుడుతుంది. జట్టు సభ్యుడు హాంక్ పిమ్ భార్యను కొట్టే ఘట్టాన్ని నిజాయితీగా వేశారా, ఒళ్లు గగుర్పొడవడానికి వేశారా అన్నది కూడా తేలదు. 1963 సంచికలో ‘లోకి’ అనే ప్రతినాయకుడు పన్నిన పన్నాగంలో అనుకోకుండా కలిసిన ఐదుగురు, జట్టుకు పేరేమిటంటే వాస్ప్ చెప్పిన పేరుకు ఒప్పుకుంటారు. మరుసటి సంచికకే హల్క్ అలిగి పోతాడు. ఆ అస్థిరత నేటికీ పాతబడలేదు. ఈ కాలానికి అనుగుణంగా రాశామని చాటుకున్న కథే ముందుగా కాలం చెల్లిపోవడం ఈ రంగంలో తరచూ చూస్తాం.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. పాత ఎక్స్‌మెన్‌ను ఆమెకు ఏ రూపంలో ఇవ్వాలి?
— ప్రవాసాంధ్రులు, న్యూజెర్సీ

జవాబు: జెఫ్ పార్కర్ 2006లో మొదలుపెట్టిన ఎక్స్‌మెన్: ఫస్ట్ క్లాస్ ఇవ్వండి. 1963 నాటి ఐదుగురు విద్యార్థులే ఉంటారు, సంచికకొక చిన్న కథ, నవ్వులు, స్నేహం. మాటలు ఈనాటివి. ఐడెంటిటీ క్రైసిస్, ది అల్టిమేట్స్ మాత్రం పై అరలో పెట్టండి.

ప్రశ్న: నేను బొమ్మలు వేస్తాను. ఎవరికీ పెద్దగా గుర్తులేని ఒక పాత జట్టును తీసుకుని కొత్తగా చెప్పాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? హక్కుల చిక్కు ఉంటుందా?
— యానిమేషన్ కళాకారుడు, విశాఖపట్నం

జవాబు: ముందు మూడు పనితనాలు చూడండి. మొదటిది 1998లో మార్క్ వెయిడ్, బ్రయన్ ఆగస్టిన్, బారీ కిట్సన్ పన్నెండు సంచికలుగా చేసిన జేఎల్ఏ (జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా): ఇయర్ వన్. 1960 కథలో స్టారో మీద యుద్ధం మొదలయ్యేసరికే జట్టు అలవాటుపడిన సంస్థలా ఉంటుంది. వీళ్లు అంతకుముందటి ఇబ్బందిని పట్టుకున్నారు. సముద్రవాసి ఆక్వామన్ గొణిగినట్టు మాట్లాడతాడు, పక్కవాళ్లకు వినబడదు, విసుక్కుంటారు. నీళ్లలో మెల్లగా అన్నా దూరం పోతుంది కనుక అతనికి గొంతెత్తే అలవాటే లేదు. పాత కథలో ఒక్క ముక్క మార్చకుండా ఒక మనిషిని పుట్టించిన వివరమిది. తోటి వీరులందరి మీదా జట్టు సభ్యుడు మార్షియన్ మ్యాన్‌హంటర్ రహస్యంగా వివరాలు సేకరించి పెట్టుకున్నాడని బయటపడినప్పుడు జట్టు విరిగినంత పనవుతుంది.

రెండోది గ్రాంట్ మారిసన్ 2005-06లో రాసిన సెవెన్ సోల్జర్స్. 1941 నాటి సెవెన్ సోల్జర్స్ ఆఫ్ విక్టరీ అనే మరుగునపడ్డ జట్టు పేరు తీసుకుని, ఏడుగురికీ నాలుగేసి సంచికలు ఇచ్చి, ముందొకటి, చివరొకటి జోడించి, మొత్తం ముప్పైలో ఆ ఏడుగురినీ ఒక్కసారైనా ఒకచోట కలవనివ్వలేదు. ఒకరి పని ఇంకొకరికి తెలియకుండా సాయపడుతుంది. ఎందుకు కలిశారన్న పాత ప్రశ్నకు ఇంత తెలివైన పెడసరపు జవాబు వేరే లేదు.

మూడోది మీకు ఎక్కువ పనికొస్తుంది. 1941 నాటి యంగ్ అలైస్ అనే పిల్లల జట్టులో వైట్‌వాష్ జోన్స్ అన్న నల్లజాతి కుర్రాడు ఉండేవాడు. లావు పెదవులు, వంకర యాస, బెదురు చూపులు. ఈనాడు చూడడానికే సిగ్గేసే బొమ్మ. 2009లో రోజర్ స్టర్న్ రాయగా పావొలో రివెరా చిత్రించిన ప్రత్యేక సంచిక ఆ కుర్రాణ్ని తీసేయలేదు. ఆనాటి కామిక్స్ యుద్ధప్రచారం కోసం ఎవరో వేసిన వెకిలి బొమ్మలని, అసలు కుర్రాడి పేరు వాషింగ్టన్ కార్వర్ జోన్స్ అని, అతను మిగతావారితో సమానంగా పోరాడాడని చెప్పింది. పాత పేజీ అలాగే ఉంది, దాన్ని వేసినవాడి చూపు మాత్రం కథలో భాగమైంది. మీరు ఎంచుకునే జట్టులోనూ ఇలాంటి మొహం ఒకటైనా ఉంటుంది. దాన్ని అందంగా దిద్దే ముందు ఆ మొహాన్ని అలా వేసినవాడెవడని మీ కథ అడగగలదేమో చూడండి.

హక్కుల విషయానికొస్తే, అమెరికా చట్టంలో ఆ కాలపు ప్రచురణలకు, హక్కు సకాలంలో పునరుద్ధరించి ఉంటే, తొంభై అయిదేళ్ల రక్షణ ఉంటుంది. 1940 నాటి ఆల్ స్టార్ సంచికకు అది 2035 చివరి దాకా వర్తిస్తుంది. అయితే ఆ రోజుల్లో మూతపడిన చిన్న ప్రచురణ సంస్థలు చాలావరకు పునరుద్ధరణ చేయించుకోలేదు, వారి వీరులు ఇప్పటికే అందరి సొత్తు. 2008లో మొదలైన ప్రాజెక్ట్ సూపర్‌పవర్స్ అనే కామిక్ అలాంటి బ్లాక్ టెర్రర్, ఫైటింగ్ యాంక్, గ్రీన్ లామా మొదలైనవారిని కూడగట్టింది. అందులోనే ఒక పాఠం కూడా ఉంది. 1940ల నాటి డేర్‌డెవిల్ అనే వీరుడు ఉచితంగా దొరికాడు కాని, ఆ పేరు మీద వ్యాపార ముద్ర (ట్రేడ్‌మార్క్) మార్వెల్ అనే ప్రచురణ సంస్థదైపోయింది. అందుకని అతణ్ని డెత్ డిఫైయింగ్ డెవిల్‌గా పిలవాల్సి వచ్చింది. కాబట్టి పాత్రకు హక్కు ఉందో లేదో ఒకసారి, పేరుకు ముద్ర ఉందో లేదో మరొకసారి, విడివిడిగా విచారించండి. ప్రచురణకు ముందు ఈ చట్టం తెలిసిన న్యాయవాదికి చూపించండి. మన దేశంలో గడువు లెక్క వేరుగా ఉంటుంది కనుక ఎక్కడ అచ్చు వేస్తారో కూడా ఆయనకు చెప్పాలి.